మేలుకొనని యంత్రము



ఈ సాయంకాలము నేను మీకు విన్నవింపబోవు విషయము వినుటకు కొంత క్రొత్తగా నుండవచ్చును. కంప్యూటరునకు జీవస్థానమైన కెర్నెలు అనుదానిని ఎవరైన మార్చి తిరిగి నిర్మించినప్పుడు, ఆ యంత్రము మరల మేలుకొనక మొరాయించినచో ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అనునదియే నేటి ప్రసంగవిషయము. ఇది చదువుకొను కుఱ్ఱవారి పని, మాకేల అని మీరనుకొనవచ్చును. కాని నేడు పాలసంఘముల లెక్కలు, గ్రంథాలయముల పట్టికలు, దేవాలయముల జమాఖర్చులు పెక్కుచోట్ల ఇట్టి యంత్రములలోనే యుండుచున్నవి. యంత్రము మేలుకొననినాడు దాని చుట్టును చేరి, ఏమి చేయుదమని నిర్ణయించువారు కుఱ్ఱవారు కారు, పెద్దలే. ఆ నిర్ణయము తొందరపాటున జరిగినచో చెడనిది కూడ చెడును. అట్టి చెరుపు వెంట్రుకవాసిలో తప్పిన యొక సంగతిని నేను స్వయముగా చూచితిని. దానినే ముందుగా చెప్పెదను.

మా గ్రామమున పాలసంఘమునకు ఒక పాత కంప్యూటరు కలదు. అందు లినక్సు అను ఆపరేటింగు సిస్టము నడచుచున్నది. ఏ రైతు ఏ పూట ఎన్ని లీటర్ల పాలు పోసెను, అందు వెన్న యెంత, అతనికి రావలసిన సొమ్మెంత అను లెక్కలన్నియు అందే యుండును. పదునైదు దినములకొకమారు ఆ లెక్కను బట్టియే సొమ్ము పంచుదురు. సంఘపు కార్యదర్శిగారి మనుమడు ఇంజనీరింగు చదువుచున్నాడు. బుద్ధిమంతుడు, పనియందు ఆసక్తి గలవాడు. సెలవులకు వచ్చినప్పుడు యంత్రము మందముగా నడచుచున్నదని గ్రహించి, "తాతయ్యా, దీని కెర్నెలులో మనకక్కరలేని భాగములెన్నో యున్నవి. వానిని తీసివేసి తేలికపరచెదను" అని చెప్పి పనికి ఉపక్రమించెను. రాత్రియంతయు యంత్రము పనిచేయుచునే యుండెను. తెల్లవారిన పిమ్మట దానిని ఆపి మరల నడిపింపగా, నల్లని తెరమీద తెల్లని యక్షరములు వరుసవరుసగా పరుగెత్తి, యొకచోట ఆగిపోయెను. ఏ మీట నొక్కినను ఉలుకు పలుకు లేదు. చివరి పంక్తి "కెర్నెల్ పానిక్" అను ఇంగ్లీషు మాటలతో మొదలగుచున్నది. పానిక్ అనగా బెదరిపోయి దిక్కుతోచకుండుట. యంత్రమే తనకు దిక్కుతోచలేదని చెప్పుచుండగా, చూచుచున్న మనుష్యుల సంగతి వేరుగా చెప్పవలెనా?

మరునాడే సొమ్ము పంచవలసిన దినము. వార్త ఊరంతయు ప్రాకెను. వచ్చినవారిలో నొకరు యంత్రము చచ్చినదనిరి. మరియొకరు, "పట్టణమునుండి మనిషిని పిలిపించి, లోపలిదంతయు తుడిపించి, క్రొత్తగా నెక్కింపుడు. గంటలో బాగగును" అని సలహా చెప్పిరి. ఆ సలహాను పాటించినచో యంత్రము గంటలో బాగుపడుట నిజమే. కాని పదునైదు దినముల పాల లెక్కయెల్ల ఆ తుడుపులో పోయియుండెడిది. ఆ లెక్కకు వేరొక నకలు లేదు. కుఱ్ఱవాని మొగమున కత్తివాటునకు నెత్తురుచుక్క లేదు.

ఇక్కడ కథను కొంచెము నిలిపి, కెర్నెలు అననేమో, యంత్రము మేలుకొనుట అననేమో చెప్పవలసియున్నది. అది తెలిసినగాని వ్యాధి యెక్కడ నున్నదో తెలియదు.

కెర్నెలు అను ఇంగ్లీషు మాటకు టెంకలోని పప్పు అని యర్థము. కంప్యూటరులో లెక్కలు చేయు ప్రాసెసరు, తాత్కాలికముగా జ్ఞాపకముంచుకొను మెమరీ, శాశ్వతముగా దాచుకొను డిస్కు, తెర, మీటలపలక మొదలైన ఉపకరణములు గలవు. మనము వాడుకొను ప్రోగ్రాములు వేరుగా గలవు. ఈ రెంటికి నడుమ నిలిచి, ఏ ప్రోగ్రామునకు ఎంత మెమరీ, ప్రాసెసరు వద్ద ఎంత వంతు, డిస్కులో నెంత చోటు అని పంచిపెట్టునది కెర్నెలు. చెరువు నీటిని మడిమడికి వంతు తప్పకుండ విడుచు నీరుగంటి ఊరిలో నెట్టివాడో, యంత్రములో కెర్నెలట్టిది. నీరుగంటి రానినాడు చెరువు నిండుగా నున్నను పొలము తడవదు. కెర్నెలు లేవనినాడు డిస్కులో లెక్కలు భద్రముగా నున్నను మన కందవు. నీరు అందలేదనుట వేరు. చెరువు ఎండినదనుట వేరు. ఈ భేదమును మీరు మనసున నుంచుకొనవలెను. నేటి నా ప్రసంగమున కంతటికిని ఇదియే మూలము.

ఇక నొక్కొక్క ఉపకరణమునకు ఒక్కొక్క భాష గలదు. డిస్కు భాష తెరకు తెలియదు. తెర భాష డిస్కునకు తెలియదు. పూర్వము దొరలకును రైతులకును నడుమ దుబాసీలుండి మాట చేరవేసినట్లు, కెర్నెలునకును ఉపకరణములకును నడుమ మాట చేరవేయు భాగములు గలవు. వానిని డ్రైవర్లందురు. డిస్కునకు దుబాసి లేనిదే కెర్నెలు డిస్కుతో నొక్క మాటయైన నాడలేదు.

లినక్సు కెర్నెలును మొదట వ్రాసినవాడు లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు దేశస్థుడు. హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండి, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, 1991 ఆగస్టులో తానిట్టి దానిని వ్రాయుచున్నానని లోకమునకు తెలిపెను. 1992లో దానిని జీపీఎల్ అను ఒడంబడికకు లోబరచెను. ఆ యొడంబడికవలన ఎవరైనను దాని మూలమును చదువవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచిపెట్టవచ్చును. పంచునప్పుడు మూలమును కూడ ఈయవలెను. నాడు ఒక విద్యార్థి గదిలో పుట్టిన యీ కెర్నెలు నేడెంత వ్యాపించినదనగా, 2017 నవంబరు పట్టికలో లోకమునందలి అత్యంత వేగము గల 500 మహాకంప్యూటర్లును దీనిపైననే నడచుచున్నట్లు తేలినది. మీ మనుమల చేతులలోని ఆండ్రాయిడు ఫోనులయందును ఉన్నది ఈ కెర్నెలే.

మూలము అందరకు తెరచియుండుటచేతనే దానిని తిరిగి నిర్మించు స్వాతంత్ర్యము పాలసంఘపు కుఱ్ఱవానికి సైతము కలిగినది. మూలము మనుష్యులు చదువగల సీ అను భాషలో వ్రాయబడియున్నది. దానిని యంత్రము గ్రహింపగల సంకేతములుగా మార్చుటకు కంపైలు చేయుట అని పేరు. కంపైలు చేయుటకు పూర్వము ఏ భాగము కావలెను, ఏది అక్కరలేదు అని నిర్ణయింపవలెను. అట్టి భాగములు వేలకొలది గలవు. అనేక భాగములకు మూడు దారులున్నవి. నక్షత్రపు గుర్తు పెట్టినచో ఆ భాగము కెర్నెలు గర్భముననే యుండును. ఎమ్ అను అక్షరము పెట్టినచో మాడ్యూలు అను వేరు ఫైలుగా డిస్కులో నుండి, కావలసినప్పుడు మాత్రము వచ్చి చేరును. గుర్తేమియు పెట్టనిచో ఆ భాగము అసలే యుండదు. ఒక్క గుర్తు మారినను యంత్రము మేలుకొనకపోవచ్చును. ఎట్లో చూడుడు.

యంత్రము మేలుకొనుట ఒక్క పని కాదు. చేతినుండి చేతికి పని యందించుకొను వరుస. మీట నొక్కగానే మొట్టమొదట లేచునది యంత్రపు పలకమీదనే స్థిరముగా నాటియున్న ఫర్మ్‌వేరు. అది ఉపకరణములను పరీక్షించి, బూట్‌లోడరు అను చిన్న ప్రోగ్రామును పిలుచును. లినక్సు యంత్రములందు తఱుచుగా నుండు బూట్‌లోడరు పేరు గ్రబ్. గ్రబ్ పోయి కెర్నెలును తెచ్చి మెమరీలో దింపును. కెర్నెలు లేచి, మనుష్యుల లెక్కలును ప్రోగ్రాములును గల ప్రధాన భాగమును డిస్కులో వెదకి తెరచును. దీనిని రూటు ఫైలు సిస్టము అందురు. మనము గాదె అందము. గాదె తెరచిన పిమ్మట అందలి మొదటి ప్రోగ్రామును లేపును. ఆ ప్రోగ్రాము మిగిలినవానినెల్ల లేపును. అప్పుడు మనకు తెరమీద పేరు, పాస్‌వర్డు అడుగు చోటు కనబడును.

ఇందు చిక్కు ఎక్కడనగా, డిస్కుతో మాటలాడు దుబాసిని మాడ్యూలుగా చేసితిమనుకొనుడు. ఆ మాడ్యూలు ఉండునది డిస్కులోనే. డిస్కు తెరువవలెనన్న దుబాసి కావలెను; దుబాసి రావలెనన్న డిస్కు తెరువవలెను. తాళపుచెవిని గాదెలో బెట్టి గాదెకు తాళము వేసినట్లయినది. ఈ చిక్కును విప్పుటకే పెద్దలు ఒక యుపాయము చేసిరి. కావలసిన దుబాసీలను కొందరిని ఒక చిన్న మూటగా కట్టి, గ్రబ్ కెర్నెలుతోపాటు ఆ మూటను కూడ మెమరీలో దింపునట్లు ఏర్పరచిరి. దీని పేరు ఇనిట్ ర్యామ్ ఎఫ్ఎస్. పేరు నోరు తిరుగనిది గనుక, ప్రయాణమునకు పోవువాడు దారిలో తినుటకు తీసికొనిపోవు సద్దిమూట యని మీరు తలంపుడు. సద్దిమూట చేతనున్న కెర్నెలు గాదె తెరచువరకు దానితో గడుపుకొనును.

ఇప్పుడు కథకు వత్తము.

నేను కొంతకాలము ఇట్టి యంత్రములతో పనిచేసినవాడనగుటచే కార్యదర్శిగారు నాకు కబురు పంపిరి. నేను పోయి మొదట అడిగిన ప్రశ్న యంత్రమును గూర్చి కాదు. ఆ కుఱ్ఱవానినే అడిగితిని.

"బాబూ, పాత కెర్నెలును తుడిచితివా?"

"లేదండీ. అది యట్లే యున్నది. క్రొత్తదానికి వేరు పేరు పెట్టితిని."

"అట్లయిన నీవు తప్పు చేసినను ప్రమాదము చేయలేదు. కూర్చుండుము."

తరువాత యంత్రమును ఆపి, మరల నడిపించి, షిఫ్టు మీటను నొక్కి పట్టుమంటిని. కొన్ని యంత్రములలో దీనికి బదులు ఎస్కేప్ మీట నొక్కవలెను. అప్పుడు గ్రబ్ తన పట్టికను చూపెను. అందు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అను పంక్తిలోనికి పోయినచో యంత్రములోనున్న కెర్నెలులన్నియు వరుసగా కనబడును. పాతదానిని ఎంచుకొంటిమి. రెండు నిముషములలో యంత్రము ఎప్పటివలె లేచెను. పాల లెక్క ఒక్క లీటరైనను తరుగక అక్కడనే యున్నది. కార్యదర్శిగారు ఏమియు పలుకక ఉత్తరీయముతో మొగము తుడిచికొనిరి.

లెక్కలేల చెడలేదని మీరడుగవచ్చును. క్రొత్త కెర్నెలు గాదె తలుపు తెరువలేకపోయినది. తెరువనివాడు లోపలి ధాన్యమును ఎట్లు పాడుచేయగలడు? గాదె తెరువకమునుపే ఆగిన యంత్రము డిస్కులోని లెక్కలపై నొక్క యక్షరమైనను వ్రాసియుండదు. కెర్నెల్ పానిక్ అను మాట వినుటకు భయంకరము. కాని ఇట్టి సందర్భమున అది చెప్పునది, "నేను ముందునకు పోలేకున్నాను గనుక ఉన్నచోటనే ఆగితిని" అని మాత్రమే. దారి తెలియని బండివాడు ఆగుటయే మేలు.

యంత్రము లేచినవెంటనే మరమ్మతునకు పోలేదు. ముందుగా లెక్కలన్నిటిని రెండు పెన్‌డ్రైవులలోనికి నకలు తీయించి, ఒకటి సంఘమునను, ఒకటి కార్యదర్శిగారి యింటను ఉంచితిమి. మరునాటి పంపకమునకు కావలసిన పట్టికను కాగితముమీద అచ్చు వేయించితిమి. ఇంతవరకు జరిగిన తరువాతనే, "ఇక నీ కెర్నెలు ఏల లేవలేదో చూతము" అని కుఱ్ఱవానితో నంటిని.

క్రొత్త కెర్నెలుతో మరల లేపి, ఆగిపోయిన తెరను ఫోనుతో ఫోటో తీసితిమి. అందరు చదివినది చివరి పంక్తినే. దాని భావము, రూటు ఫైలు సిస్టమును తెరువలేకపోతిని అని. దాని చివర కుండలీకరణములలో రెండు సున్నలున్నవి. కాని దానికి పైని పంక్తులలో కెర్నెలు మరియొక మాట చెప్పుచున్నది: "నాకు కనబడుచున్న డిస్కు భాగములు ఇవి" అని. ఆ మాట క్రింద పట్టిక యుండవలెను. మా డిస్కు పేరు అందు లేదు. అనగా కెర్నెలునకు డిస్కే కనబడలేదు. కుఱ్ఱవాడు తన గుర్తులను పరిశీలింపగా, మా డిస్కునకు దుబాసియైన ఏహెచ్‌సీఐ అను డ్రైవరునకు ఎమ్ గుర్తు పెట్టియున్నాడు. తాళపుచెవి గాదెలో నున్నది.

అతడా గుర్తును నక్షత్రముగా మార్చెను. డిస్కునకు సంబంధించిన మిగిలిన భాగములును, గాదెలోని సరుకు ఏ పద్ధతిలో పేర్చియున్నదో తెలిసిన ఎక్స్‌ట్ నాలుగు అను ఫైలు సిస్టము భాగమును గర్భముననే యుండునట్లు చూచి, మరల కంపైలు చేసెను. ఈమారు మారిన భాగములనే నిర్మింపవలసియుండుటచే పని త్వరగా ముగిసెను. ఆశతో లేపి చూచితిమి. మరల నదే పానిక్. చివరి పంక్తియు నదే. ఆ రెండు సున్నలును అవే.

చుట్టునున్నవారు నిట్టూర్చిరి. "చూచితిరా, ఏమియు మారలేదు" అని యొకరనిరి. కుఱ్ఱవాడు చేసిన మార్పును వెనుకకు తీయబోయెను. నేనతని చేయి పట్టుకొని, "చివరి పంక్తి మారలేదు, నిజమే. పై పంక్తులను చదువుము" అంటిని. ఇంతకుమునుపు లేని మా డిస్కు పేరు ఇప్పుడా పట్టికలో నున్నది. దాని భాగములును క్రమముగా నున్నవి. అనగా మొదటి దోషము తీరినది. దానిచాటున దాగియున్న రెండవ దోషము ఇప్పుడు బయటపడినది. వైద్యుడు జ్వరము తగ్గలేదని మందు మార్చుటకు ముందు నాడి చూడవలెను గదా.

ఆ రెండవ దోషమేమనగా, గాదె యేదో కెర్నెలునకు గ్రబ్ తెలుపవలెను. పూర్వము డిస్కు భాగమును దాని వరుసను బట్టి ఎస్‌డీఏ ఒకటి, ఎస్‌డీఏ రెండు అని పిలిచెడివారు. మరియొక డిస్కు తగిలించినచో ఈ వరుస పేర్లు మారిపోవచ్చును గనుక, నేడు ప్రతి ఫైలు సిస్టమునకు యూయూఐడీ అను పొడుగైన గుర్తుసంఖ్య నిచ్చి, దానితోనే పిలుచుచున్నారు. ఇది మేలైన పద్ధతియే. కాని ఫైలు సిస్టము మీద వ్రాసియున్న ఆ గుర్తుసంఖ్యను చదివి గాదెను పోల్చుకొను నేర్పు కెర్నెలునకు స్వతహాగా లేదు. ఆ పని చేయునది సద్దిమూటలోని ప్రోగ్రాము. మా కుఱ్ఱవాడు క్రొత్త కెర్నెలును చేతితో నకలు చేసి, గ్రబ్ పట్టికలో చేతితో వ్రాసియున్నాడు. సద్దిమూట కట్టుట మఱచినాడు. ఊరివారందరు కనబడుచున్నను, పిలిచిన పేరు ఎవరిదో తెలియని క్రొత్త బంట్రోతువలె కెర్నెలు నిలిచిపోయినది.

మరల పాత కెర్నెలుతో లేపి, అప్‌డేట్ ఇనిట్ ర్యామ్ ఎఫ్ఎస్ అను ఆజ్ఞతో క్రొత్త కెర్నెలునకు సద్దిమూట కట్టించితిమి. ఇది డెబియను కుటుంబపు ఆజ్ఞ. ఫెడోరా కుటుంబమున ఈ పనిని డ్రాకట్ అను ప్రోగ్రాము చేయును. పిమ్మట గ్రబ్ పట్టికను దాని యాజ్ఞతోనే తిరిగి వ్రాయించితిమి. మూడవమారు యంత్రము పేరును పాస్‌వర్డును అడుగుచు చక్కగా మేలుకొనెను.

ఆ సున్నల సంగతి కూడ చెప్పవలెను. కెర్నెలు పేర్కొన్న గాదెను అసలే పోల్చుకొననప్పుడు ఆ స్థానమున రెండు సున్నలుండును. సున్నలకు బదులు ఎనిమిది, ఒకటి అని యున్నచో, ఎనిమిది ఆ తరగతి డిస్కునకు గుర్తు. ఒకటి దాని మొదటి భాగము. అప్పుడు గాదె కనబడినదనియే యర్థము. తెరుచు విధానము, అనగా ఫైలు సిస్టము భాగము, లోపించియుండవచ్చును. ఇట్లు యంత్రము ఆగిపోవుచు కూడ తన వ్యాధిని తానే వ్రాసియిచ్చుచున్నది. దానిని చదువు ఓర్పు మనకుండవలెను. కొన్ని యంత్రములలో ఈ పంక్తులు కనబడకుండ మరుగుపరచియుందురు. గ్రబ్ పట్టికలో ఈ అను మీట నొక్కి, ఆ పంక్తిలోని క్వైట్ అను మాటను తీసివేసి లేపినచో అన్నియు కనబడును.

కెర్నెలును మార్చినపిమ్మట వచ్చు చిక్కులు ఇవి మాత్రమే కావు. మిగిలినవానిని క్లుప్తముగా చెప్పెదను. కెర్నెలు ఒక్క మాటయైన పలుకకముందే యంత్రము నిరాకరించినచో, సెక్యూర్ బూట్ అను కావలి పద్ధతి కారణమై యుండవచ్చును. అది నమ్మకమైన సంతకము లేని కెర్నెలును లోనికి రానీయదు. సద్దిమూట కట్టినను చిక్కు తీరకున్నచో, దానిని ఉంచు భాగము నిండిపోయి మూట సగములో తెగియుండవచ్చును. యంత్రము లేచియు నెట్టు, ధ్వని పనిచేయకున్నచో, మాడ్యూలులను వాని స్థానమున చేర్చు ఆజ్ఞను మఱచియుందురు. తెర మాత్రము చీకటియై లోపల యంత్రము నడచుచున్నచో, తెర దుబాసి లోపము. గ్రబ్ పంక్తిలో నోమోడ్‌సెట్ అను మాట చేర్చి చూడవచ్చును. గాదె తెరువబడి, మొదటి ప్రోగ్రాము దొరకలేదని చెప్పినచో, ఒక గాదెకు బదులు మరియొక గాదె తెరచియుండవచ్చును.

అన్నింటికంటె అపాయకరమైనది వేరొకటి గలదు. పాత కెర్నెలు పేరునే క్రొత్తదానికి పెట్టుట. మాడ్యూలులు కెర్నెలు పేరును బట్టియే ఒక్కొక్క అరలో నుండును. పేరు ఒకటియైనచో క్రొత్త మాడ్యూలులు పాతవానిపై పడి, పాతదియు నడువక, క్రొత్తదియు నడువక, రెంటికి చెడిన రేవడి యగును. అట్టి స్థితిలోను నిరాశపడనక్కరలేదు. లినక్సును పెన్‌డ్రైవుమీద నెక్కించి, దానినుండియే యంత్రమును లేపి, డిస్కును తెరచి, ముందు లెక్కలను బయటికి తీసికొని, తరువాత లోపలి కెర్నెలును సరిచేయు పద్ధతి కలదు. కాని ఈ పద్ధతిని తెలిసినవాని ప్రక్కన కూర్చుండి చేయుట మంచిది.

యంత్రము తేలికపడినదా యని మీరడుగవచ్చును. నిజము చెప్పవలెనన్న, పెద్దగా లేదు. వాడని మాడ్యూలులు డిస్కులో చోటు తినునుగాని మెమరీలోనికి రావు. కావున వానిని తీసివేయుటవలన కలుగు లాభము స్వల్పము. కొంతకాలమునకు సంఘమువారు మెమరీ పలక నొకదానిని అదనముగా వేయించిరి. మందము దానివలన తీరినది. ఐనను కుఱ్ఱవాని శ్రమ వ్యర్థము కాలేదు. యంత్రము ఎట్లు మేలుకొనునో అతడు మెట్టుమెట్టుగా నేర్చెను. నేర్చుకొనుట తప్పు కాదు. ఊరిసొమ్ము లెక్క యున్న యంత్రముమీద నేర్చుకొనుటయే తప్పు. ఈత నేర్చుకొనువాడు పసిపిల్లను చంకనుంచుకొని చెరువులో దిగడు గదా. అతడిప్పుడు వేరొక పాత యంత్రముమీద తన ప్రయోగములు చేయుచున్నాడు.

పెద్దలారా, కెర్నెలు శాస్త్రమంతయు మీరు నేర్వనక్కరలేదు. యంత్రము లేవనినాడు చుట్టునున్నవారు తొందరపడుచుండగా, నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును. మొదటిది: పాత కెర్నెలు ఉన్నదా, దానితో లేపి చూచితిరా? రెండవది: లెక్కలకు నకలు వేరొకచోట నున్నదా? లేనియెడల తక్కిన పనులన్నిటికంటె ముందు నకలు తీయుడు. మూడవది: యంత్రము ఏ మెట్టున ఆగినది, చివరి పంక్తికి పైని పంక్తులు ఏమి చెప్పుచున్నవి? నాలుగవది: ఒక్కసారి ఎన్ని మార్పులు చేసితిరి? ఒక్కటి మార్చుడు, లేపి చూడుడు, ఫలితము వ్రాసికొనుడు, తరువాత మరియొకటి మార్చుడు. ఈ నాలుగింటికి సమాధానము రాకమునుపు అంతయు తుడిచివేయుదమను మాట ఎవరు పలికినను, మీరు చేయి అడ్డుపెట్టవలెను.

మా గ్రామమున ఆ మరునాడు పాలసొమ్ము యథాప్రకారము పంచిరి. వరుసలో నిలిచి సొమ్ము పుచ్చుకొన్న రైతులలో పెక్కుమందికి, ముందునాటి యుదయము తమ పదునైదు దినముల కష్టము ఒక తుడుపు దూరమున నిలిచియుండెనని తెలియనే తెలియదు. దానిని కాపాడినది నా నేర్పు కాదు. క్రొత్తదానిని కట్టినప్పుడు పాతదానిని పడగొట్టకుండ నుంచిన ఆ కుఱ్ఱవాని జాగ్రత్తయు, తొందరలోను ఒక్క గడియ ఆగి నాకు కబురుపంపిన కార్యదర్శిగారి నిదానమును కలిసి కాపాడినవి. క్రొత్తయింటి కప్పు నిలుచువరకు పాతయింటి తలుపు మూయరాదను మాట మన పెద్దలకు తెలియనిది కాదు. యంత్రములు క్రొత్తవైనను ఆ బుద్ధి పాతదే.